అరగంటలో పనిచేసే బిళ్ల, ఆరు వారాలు ఆగమనే బిళ్ల: అమ్మకు ఏది నిజమైన మందని చెప్పాలి?

నల్లరేగడి:

మా అమ్మగారికి 61 ఏళ్లు. నాన్నగారు కాలం చేసి పద్నాలుగు నెలలైంది. మొదట్లో అది దుఃఖమేనని అందరమూ అనుకున్నాం. సంవత్సరీకం కూడా జరిగిపోయిన తరువాత ఆమె తేరుకోవలసింది పోయి, మాట తగ్గించారు, తిండి తగ్గించారు, తెల్లవారుజామున మూడింటికే లేచి చీకట్లో మంచం మీద కూర్చుని ఉంటున్నారు. ఎంతో నచ్చజెప్పి గుంటూరులో ఒక మానసిక వైద్యుడికి చూపించాను. ఆయన కుంగుబాటు అని చెప్పి రెండు మందులు రాశారు. ఉదయానికి ఎస్సిటాలోప్రామ్, మొదటి వారం 5 మిల్లీగ్రాములు, తరువాత 10. రాత్రికి క్లోనజెపామ్ 0.25 మిల్లీగ్రాములు, అదీ మూడు వారాలకు మాత్రమే.

నేటికి పదకొండో రోజు. అమ్మ మాట ఇది: "రాత్రి వేసుకునే చిన్న బిళ్లే నాకు గుణమిచ్చింది. పొద్దున బిళ్లతో కడుపులో తిప్పడం తప్ప ఒరిగిందేమీ లేదు. అది మానేసి ఇదొక్కటే వేసుకుంటాను." మా పెదనాన్నగారేమో ఇవన్నీ మత్తు బిళ్లలేననీ, ఒకసారి మొదలుపెడితే చచ్చేదాకా వదలవనీ అంటున్నారు. వైద్యుడిని అడిగితే ఓపిక పట్టమన్నారే గాని, ఎందుకు పట్టాలో చెప్పేంత తీరిక ఆయనకు లేదు. బయట నలభై మంది కూర్చుని ఉన్నారు.

ఒక మందు ఆ రాత్రే పనిచేసి, మరొకటి వారాలు తీసుకోవడానికి కారణమేమిటి? మెదడులో ఇవి అసలు ఏం చేస్తాయి? నేను చదివింది బి.కామ్. నాకు అర్థమైతే అమ్మకు చెప్పగలనన్న ఆశతో అడుగుతున్నాను. ఆమె బీపీకి టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయాజైడ్ కలిసిన మాత్ర కూడా వేసుకుంటారు.

కాలువగట్టు:

నేను మానసిక వైద్యంలో పీజీ చేస్తున్నాను. మీ అమ్మగారిని చూడలేదు కనుక ఏ మోతాదు సరైనదో చెప్పను. ఆ రెండు మందుల పని తీరు మాత్రం చెప్పగలను.

ముందు రాత్రి బిళ్ల సంగతి. మెదడులో నాడీకణాల హడావుడిని అణచి ఉంచే రసాయనాన్ని గ్యాబా అంటారు. ఒక కణం మీద గ్యాబా కోసమే ఉన్న గ్రాహకానికి అది తగులుకున్నప్పుడు, ఆ గ్రాహకం మధ్యలోని సన్నని దారి తెరుచుకుని క్లోరైడ్ అయాన్లు లోపలికి వెళతాయి, దానితో ఆ కణం కాసేపు సద్దుమణుగుతుంది. క్లోనజెపామ్, ఆల్ప్రాజోలామ్, డయాజెపామ్, లోరాజెపామ్ అన్నీ ఒక కుటుంబం. ఇవి గ్యాబా స్థానాన్ని ఆక్రమించవు. అదే గ్రాహకం మీద పక్కన మరో చోట కూర్చుని, గ్యాబా వచ్చినప్పుడల్లా ఆ దారి మరిన్ని సార్లు తెరుచుకునేటట్టు చేస్తాయి. దారి ముందే ఉంది, గ్యాబా ముందే ఉంది, శరీరం కొత్తగా తయారు చేసుకోవలసింది ఏదీ లేదు. అందుకే గంట తిరగకముందే కంటి మీదికి కునుకు వస్తుంది. మందు దిగిపోతే అంతా యథాస్థితికి వస్తుంది. అమ్మగారికి నిద్ర పట్టడం నిజమే, కానీ ఆ నిద్ర కింద కుంగుబాటు ఉన్న చోటనే ఉంది.

ఉదయం బిళ్ల కథ వేరు. ఒక నాడీకణం మరో కణానికి కబురు పంపాలంటే రెండింటి నడుమ ఉన్న సన్నని ఖాళీలోకి సెరటోనిన్ వంటి రసాయనాన్ని వదులుతుంది. పని అయిపోగానే, వదిలిన కణమే దానిని వెనక్కు లాగేసుకుంటుంది. ఎస్సిటాలోప్రామ్ చేసేదల్లా ఆ వెనక్కు లాగే ద్వారాన్ని మూయడం. ఇది మొదటి రోజే, కొన్ని గంటల్లోనే జరిగిపోతుంది. అంటే మందు మొదటి రోజునుంచే పనిలో ఉంది. ఆలస్యం మందుది కాదు, దానికి మెదడు ఇచ్చే జవాబుది.

నేను కృష్ణా డెల్టాలో పుట్టినవాణ్ని కనుక నాకు కాలువ పోలికే తోస్తుంది. కాలువలో మట్టం పెరిగిందని కనిపించగానే ఎగువన లస్కరు, అంటే కాలువ నీటిని చూసుకునే మనిషి, షట్టరు దించేస్తాడు. సెరటోనిన్ వదిలే కణం మీద కూడా అలాంటి కాపలా గ్రాహకాలు ఉన్నాయి. ఖాళీలో సెరటోనిన్ పెరిగిందని అవి పసిగట్టగానే, కణం వదిలే పరిమాణాన్ని తగ్గించేస్తుంది. కనుక మొదటి రోజుల్లో మందు ఒక వైపు పెంచుతుంటే, మెదడు మరో వైపు కోసేస్తూ ఉంటుంది. రెండు మూడు వారాలు ఇలాగే సాగిన తరువాత ఆ కాపలా గ్రాహకాల చురుకు తగ్గుతుంది, లస్కరు కొత్త మట్టానికి అలవాటుపడి షట్టరు మళ్లీ ఎత్తుతాడు. ఆలస్యానికి చెప్పే వివరణల్లో ఇది ఒకటి. దీని వెనుకనే కణాల మధ్య కొత్త కొనలు చిగురించడం, పాత అనుసంధానాలు మారడం వంటి నెమ్మది పనులు నడుస్తాయి, వాటికి వారాలు పట్టడం సహజం.

ఇందులో నాకు ఎంతో నచ్చిన విషయం ఒకటుంది. మనసు తేలిక పడకముందే, మొదటి వారంలోనే, ఎదుటివారి ముఖాల్లో భయాన్నీ సంతోషాన్నీ చదివే తీరులో ఈ మందులు చిన్న మార్పు తెస్తాయని ప్రయోగాల్లో కనిపించింది. రోగికి ఆ సంగతి తెలియదు, అడిగితే మార్పేమీ లేదనే అంటారు. అయితే లోకం కాస్త తక్కువ కఠినంగా కనిపించడం మొదలై, ఆ చిన్న అనుభవాలు రోజురోజుకూ కూడిన తరువాత గాని ఉల్లాసం తిరిగి రాదు. అందువల్లనే గుణాన్ని మొదట గుర్తించేది తరచుగా ఇంట్లోవారే: ఒక ముద్ద ఎక్కువ తినడం, ఫోన్ మోగితే లేచి తీయడం.

కడుపులో తిప్పడానికి కారణం కూడా అదే మందు, అదే రసాయనం. శరీరంలోని సెరటోనిన్‌లో దాదాపు 90 శాతం మెదడులో కాక పేగుల్లో ఉంటుంది. నోటి ద్వారా వెళ్లిన మందుకు ఏ ద్వారం మూయాలో తెలియదు, కనబడిన ప్రతి ద్వారాన్నీ మూస్తుంది. చాలామందిలో ఈ వికారం ఒకటి రెండు వారాల్లో సర్దుకుంటుంది. ఏదైనా తిన్న తరువాత వేసుకుంటే కొంత మేలు. ఎస్సిటాలోప్రామ్ రక్తంలో సగానికి తగ్గడానికి దాదాపు 30 గంటలు, పెద్దవయసులో ఇంకా ఎక్కువ పడుతుంది కనుక, రోజూ వేసుకుంటే రక్తంలో దాని మట్టం నిలకడగా మారడానికే వారం పైన పడుతుంది. మీ అమ్మగారు 10 మిల్లీగ్రాములకు వచ్చి ఇంకా నాలుగు రోజులే అయింది. ఆమె తీర్పు తొందరపాటు తీర్పు.

మీ పెదనాన్నగారి మాటలో సగం నిజముంది, కానీ ఆయన అనుకున్న సగం కాదు. ఆ రెండింటిలో శరీరాన్ని లొంగదీసుకునే బిళ్ల ఒకటి ఉంది, అది అమ్మగారు మెచ్చుకుంటున్న రాత్రి బిళ్లే. వైద్యుడు మూడు వారాలని గీత గీసింది అందుకే. పెద్ద మందు అందుకునేలోగా నిద్ర లేక ఆమె నలిగిపోకుండా ఆసరాగా ఇచ్చారు.

ఒక హెచ్చరిక చెప్పకుండా ముగించలేను. కొందరిలో మొదటి వారాల్లో లోపలి అలజడి పెరుగుతుంది. యువతలో ఆత్మహత్య ఆలోచనలు పెరిగే ప్రమాదం గురించి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2004లో హెచ్చరిక ఇచ్చి, 2007లో దానిని 24 ఏళ్లలోపు వారికి వర్తింపజేసింది. అయితే ఏ వయసువారైనా బతకాలని లేదన్న మాట అంటే తరువాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా అదే రోజు వైద్యుడికి చెప్పండి. అర్ధరాత్రి అయితే టెలి మానస్ 14416కు తెలుగులోనే మాట్లాడవచ్చు.

మందులచీటీ:

వరంగల్‌లో 22 ఏళ్లుగా మందుల షాపు నడుపుతున్న ఫార్మసిస్టును. మెదడు సంగతి పై మిత్రులు చెప్పారు, నేను బీపీ మాత్ర సంగతి చెబుతాను, ఎందుకంటే దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

హైడ్రోక్లోరోథయాజైడ్ మూత్రం ద్వారా సోడియాన్ని బయటికి పంపుతుంది. ఎస్సిటాలోప్రామ్ వర్గపు మందులు కొందరిలో, ముఖ్యంగా అరవై దాటిన స్త్రీలలో, శరీరం నీటిని అవసరానికి మించి పట్టి ఉంచేటట్టు చేసి రక్తంలో సోడియాన్ని పలచబరుస్తాయి. రెండూ కలిస్తే సోడియం పడిపోయే అవకాశం పెరుగుతుంది. తలనొప్పి, నీరసం, నడకలో తూలు, మాటలో తికమక వస్తే ఇంట్లోవారు దాన్ని కుంగుబాటు ముదిరిందనో మందు పడలేదనో అనుకుంటారు, అసలు విషయం ఒక చిన్న రక్తపరీక్షలో తేలిపోతుంది. మానసిక వైద్యుడికి బీపీ మాత్ర పేరు చెప్పారా? చీటీ మీద బీపీ అని మాత్రమే ఉంటే అందులో ఏ మందు ఉందో ఆయనకు తెలియదు.

మరో ప్రశ్న. అమ్మగారికి మోకాళ్ల నొప్పులున్నాయా? డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు చీటీ లేకుండానే తెచ్చుకోవడం మన ఊళ్లలో మామూలే. అవి ఎస్సిటాలోప్రామ్‌తో కలిస్తే కడుపులో రక్తస్రావమయ్యే ప్రమాదం పెరుగుతుంది. ట్రమడాల్ అయితే మరీ జాగ్రత్త, అది కూడా సెరటోనిన్‌ను పెంచే మందే.

రాత్రి బిళ్ల మీద మోజు గురించి ఒక్క మాట. ఆల్ప్రాజోలామ్, డయాజెపామ్‌లను షెడ్యూల్ హెచ్1లో, అంటే చీటీ చూసి లెక్క రాసి మాత్రమే అమ్మవలసిన మందుల జాబితాలో, పెట్టారు. అమ్మిన ప్రతిసారీ వైద్యుడి పేరు, రోగి పేరు, పరిమాణం ప్రత్యేక రిజిస్టరులో రాసి మూడేళ్లు భద్రపరచాలి. అయినా పాత చీటీ పట్టుకుని ఒక స్ట్రిప్పు ఇవ్వమని బతిమాలే పెద్దవాళ్లు నా కౌంటరు దగ్గర వారానికి ఇద్దరైనా ఉంటారు, వాళ్లలో ఒక్కరు కూడా ఎస్సిటాలోప్రామ్ కోసం బతిమాలగా నేను చూడలేదు. ఇక తెలంగాణలో కల్తీ కల్లు గురించి తెలియనిదెవరికి? ఆల్ప్రాజోలామ్, డయాజెపామ్ కలిపిన ఆ కల్లు ఏళ్ల తరబడి తాగినవారు, దాడులు జరిగి సరఫరా ఆగిపోయినప్పుడు వణుకుతో, ఫిట్స్‌తో, లేనివి కనబడుతున్నాయంటూ ఆసుపత్రులకు వస్తారు. గ్యాబా గ్రాహకం మందుకు అలవాటుపడి తన సొంత చురుకును తగ్గించుకుంటుంది, మందు ఒక్కసారిగా పోతే మెదడుకు పగ్గం లేకుండా పోతుంది. 0.25 మిల్లీగ్రాములు మూడు వారాలు వాడటం, ఆ కల్లు ఒకటి కావు, అమ్మగారిని భయపెట్టవద్దు. అయితే దారి అటే వెళుతుందని తెలిసి ఉండాలి. పెద్దవాళ్లు ఈ మత్తులో రాత్రి బాత్‌రూమ్‌కు లేచి పడి తుంటి ఎముక విరగ్గొట్టుకోవడం కూడా తరచుగా జరిగేదే.

సందేహి:

మర్యాదగానే అడుగుతున్నాను. సెరటోనిన్ తగ్గడం వల్ల కుంగుబాటు వస్తుందనడానికి నిలకడైన ఆధారం లేదని 2022లో జోవానా మాంక్రీఫ్ బృందం మాలిక్యులర్ సైకియాట్రీ పత్రికలో పెద్ద సమీక్ష ప్రచురించింది. లోపమే లేనప్పుడు దాన్ని పెంచే మందు ఎందుకు? ముప్పై ఏళ్లుగా "రసాయన అసమతుల్యత" అని చెప్పి మాత్రలు అమ్మినవారు ఇప్పుడు లస్కరు కథ చెబితే నమ్మాలా?

కాలువగట్టు:

ఆ సమీక్ష చెప్పినదానిలో ప్రధానమైన మాటతో నాకు పేచీ లేదు. "మీ మెదడులో సెరటోనిన్ తక్కువగా ఉంది" అని రోగికి చెప్పడం తప్పు. మనం ఎవరి మెదడులోనూ దాన్ని కొలిచి మందు రాయడం లేదు. కానీ జబ్బు ఎందుకు వచ్చిందన్నది ఒక ప్రశ్న, మందు పనిచేస్తుందా అన్నది మరో ప్రశ్న. వడదెబ్బ తగిలినవారికి తడిగుడ్డ చుడితే వేడి దిగుతుంది. ఒంట్లో తడిగుడ్డ తక్కువై వడదెబ్బ తగిలిందని ఎవరూ అనరు కదా.

ఈ పొరపాటు ఎక్కడ పుట్టిందో చూస్తే చిత్రంగా ఉంటుంది. మానసిక వైద్యంలో ముందు మందులు దొరికాయి, సిద్ధాంతాలు వాటి వెనుక వచ్చాయి. మన సర్పగంధ వేరు ఉన్మాదానికీ, అధిక రక్తపోటుకూ పనికివస్తుందని 1931లోనే గణనాథ్ సేన్, కార్తిక్ బోస్ రాశారు. దాని నుంచి 1952లో వేరుచేసిన రెసర్పిన్, కణాల్లో నిలవ ఉన్న సెరటోనిన్, నారడ్రినలిన్, డోపమిన్‌లను ఖాళీ చేస్తుందని తరువాత తెలిసింది. బీపీకి అది వాడినవారిలో కొందరు కుంగిపోయారని వైద్యులు రాశారు. అదే కాలంలో న్యూయార్క్‌లో క్షయ రోగులకు ఇచ్చిన ఇప్రోనియాజిడ్ వాళ్లలో అనుకోని హుషారు తెచ్చింది. అది అవే రసాయనాలు విరిగిపోకుండా కాపాడుతుంది. ఒకటి ఖాళీ చేస్తే దిగులు, ఒకటి నిలిపి ఉంచితే హుషారు. ఇంత చక్కగా అతికిన లెక్కను చూసి ఎవరైనా మోసపోతారు. రెసర్పిన్ దిగులు తెస్తుందన్న పరిశీలనలు తరువాతి పరిశోధనలో అంత గట్టిగా నిలవలేదు, అయినా ఆ లెక్క మాత్రం నిలిచిపోయింది. 1987 చివరలో అమెరికాలో ఫ్లూఆక్సిటిన్‌కు అనుమతి వచ్చిన తరువాత, ప్రకటనలు దాన్ని ప్రతి ఇంటి మాటగా చేశాయి. మీ కోపం అక్కడ సమంజసమే.

మందుల శక్తిని కూడా నేను పెంచి చెప్పను. ఎస్సిటాలోప్రామ్‌కు మాతృక అనదగిన సిటాలోప్రామ్‌ను అమెరికాలో స్టార్-డి అనే పెద్ద అధ్యయనంలో మొదటి మందుగా ఇచ్చినప్పుడు, పూర్తిగా తేరుకున్నవారు దాదాపు మూడో వంతు మాత్రమే. మిగిలినవారికి మోతాదో, మందో మార్చవలసి వచ్చింది. మాట ద్వారా చేసే చికిత్స తోడైతే ఫలితం మెరుగవుతుంది. అది గుంటూరు పల్లెకు అందుబాటులో ఉందా అన్నది వేరే బాధ.

మందుకు చోటు తెలియదని పైన అన్నాను, దానికి మరో ఉదాహరణ. 1952లో పారిస్‌లో డిలే, డెనికర్ అనే వైద్యులు క్లోర్‌ప్రోమజైన్‌ను ఉన్మాదానికి వాడి చూశారు. అది డోపమిన్ గ్రాహకాలకు అడ్డుపడుతుందని ఎంతో ఆలస్యంగా తెలిసింది. లేని గొంతులు వినిపించడం తగ్గించేది ఆ అడ్డే, చేతులు వణికించి నడకను బిగదీసేదీ ఆ అడ్డే, ఎందుకంటే కదలికలను నడిపే భాగంలోనూ డోపమినే ఉంది.

ఉప్పుబస్తా:

నేను పన్నెండేళ్లుగా లిథియం వాడుతున్న రోగిని, కనుక నా మాట రోగి మాటగానే తీసుకోండి. నల్లరేగడి గారు అడగనిదే అయినా ఒకటి చెప్పాలి. నాకు మొదట కుంగుబాటు అనే చెప్పి ఇలాంటి మందే ఇచ్చారు. అంతకు నాలుగేళ్ల ముందు నేను పది రోజులు నిద్ర లేకుండా, అలసట లేకుండా, ఊరంతా అప్పులు చేసి వ్యాపారం మొదలుపెట్టిన సంగతి ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. మూడు వారాల్లో దిగులు పోయింది, దాంతోపాటు నిద్రా పోయింది, మళ్లీ అదే ఉప్పెన. నాది బైపోలార్, అంటే దిగులూ అదుపులేని హుషారూ మారిమారి వచ్చే జబ్బు అని అప్పుడు తేలింది, లిథియం వాడేది దానికే. అలాంటివారికి ఈ మందు ఒంటరిగా ఇస్తే మనసు అటువైపు ఎగబాకవచ్చు. అమ్మగారికి గానీ, ఆమె రక్తసంబంధీకులకు గానీ అలాంటి దశ ఎప్పుడైనా ఉంటే వైద్యుడికి తప్పక చెప్పండి.

లిథియం ఏదో కార్ఖానాలో కనిపెట్టిన కొత్త రసాయనం కాదు, ఒక మూలకం, దాని లవణాన్నే మాత్రగా ఇస్తారు. 1949లో ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ దాని గుణాన్ని బయటపెట్టారు. మూత్రపిండాలు దాన్ని సోడియంలాగే చూస్తాయి. ఒంట్లో నీరూ ఉప్పూ తగ్గితే సోడియాన్ని దాచుకుంటూ లిథియాన్ని కూడా దాచేస్తాయి. ఒక మే నెలలో కరీంనగర్ దగ్గర పెళ్లికి వెళ్లి, ఎండలో తిరిగి, నడుము నొప్పికి ఐబుప్రొఫెన్ వేసుకున్నాను. రెండో రోజుకు చేతుల్లో గ్లాసు నిలవలేదు, మాట ముద్దగా వచ్చింది. రక్తంలో సాధారణంగా 0.6 నుంచి 1.0 మధ్య ఉంచవలసిన లిథియం మట్టం 1.9కి చేరింది. మందు మారలేదు, మోతాదు మారలేదు, నా ఒంట్లో నీళ్లు మాత్రమే మారాయి. అందుకే మందులచీటీ గారి సోడియం మాటను తేలిగ్గా తీసుకోవద్దంటాను.

నల్లరేగడి:

ఆలస్యంగా రాస్తున్నందుకు క్షమించాలి. మందులచీటీ గారి మాట పట్టుకుని వెళ్లి పరీక్ష చేయించాను. సోడియం 135కు తగ్గకూడదట, అమ్మకు 131 వచ్చింది. బీపీ మాత్రలో హైడ్రోక్లోరోథయాజైడ్ తీసేసి టెల్మిసార్టాన్ ఒక్కటే ఉంచారు, పది రోజుల తరువాత చూస్తే 136. మోకాళ్లకు ఆమె నిజంగానే మా ఊరి షాపు నుంచి మాత్రలు తెప్పించుకుంటున్నారట, నాకే తెలియదు. బైపోలార్ లక్షణాలు మా ఇంట్లో ఎవరికీ లేవు.

లస్కరు పోలిక అమ్మకు చెప్పాను. మా పుట్టింటి కాలువ మీద లస్కరు అంత తెలివైనవాడేం కాదన్నారు గాని, మందు మానలేదు. ఈ రోజుకు ముప్పై మూడు రోజులు. నిన్న ఉదయం మిర్చి యార్డులో ధర ఎంత పలుకుతోందని అడిగారు. వికారం పోయింది. రాత్రి బిళ్లను వైద్యుడు రోజు విడిచి రోజుకు తగ్గించి, పోయిన వారం ఆపించారు. రెండు రాత్రులు నిద్ర సరిగా పట్టలేదు, మూడో రాత్రి నుంచి పడుతోంది. ఇక ఉదయం బిళ్ల ఎన్నాళ్లు? ఒక రోజు మరిచిపోతే ఏం చేయాలి?

కాలువగట్టు:

మరిచిన సంగతి అదే రోజు గుర్తొస్తే అప్పుడే వేసుకోవచ్చు, మరునాడు గుర్తొస్తే రెండు కలిపి వేసుకోకూడదు, ఆ రోజుది మాత్రమే. ఈ మందు మెల్లగా దిగుతుంది కనుక ఒక్క రోజు తప్పితే కొంప మునగదు.

ఎన్నాళ్లన్నదానికి, మొదటిసారి వచ్చిన కుంగుబాటులో పూర్తిగా తేరుకున్న రోజు నుంచి ఆరు నుంచి తొమ్మిది నెలలు కొనసాగించడం మామూలు. పెద్దవయసులో ఇంకా ఎక్కువ కాలం ఉంచుతారు. మందు మొదలుపెట్టిన రోజు నుంచి కాదు, తేరుకున్న రోజు నుంచి లెక్క. మధ్యలో బాగుందని ఒక్కసారిగా ఆపేస్తే తల తిరగడం, తలలో కరెంటు తగిలినట్టు జివ్వుమనడం, చిరాకు వస్తాయి. ఆ మందు కావాలన్న యావ ఉండదు కనుక దాన్ని వ్యసనం అనలేం, కానీ కొత్త మట్టానికి సర్దుకున్న మెదడు పాత మట్టానికి దిగడానికీ వ్యవధి అడుగుతుంది. పారాక్సిటిన్ వంటి త్వరగా దిగిపోయే మందుల్లో ఇది ఎక్కువ, రోజుల తరబడి ఒంట్లో ఉండే ఫ్లూఆక్సిటిన్‌లో తక్కువ, ఎస్సిటాలోప్రామ్ మధ్యస్థం. ఆపే సమయం వచ్చినప్పుడు వారాల మీద తగ్గించుకుంటూ వస్తారు.

తరువాత వైద్యుడి దగ్గరకు వెళ్లేటప్పుడు ఆమె వాడే బిళ్లలన్నీ, ఊరి షాపు నొప్పి మాత్రలతో సహా, స్ట్రిప్పులుగానే ఒక కవరులో వేసుకుని వెళ్లండి.